చెల్లెలి బొమ్మ చూస్తే కడుపు మండుతోంది... నేను చెడ్డదాన్నా?

ప్రశ్న: నా వయసు 26. అనంతపురంలో ఒక బట్టల దుకాణంలో లెక్కలు రాస్తాను. ఎనిమిది నెలల క్రితం చెల్లెలూ నేనూ ఒకే రోజు డ్రాయింగ్ క్లాసులో చేరాం. తను గీసిన మా అవ్వ బొమ్మకు నాన్న పటం కట్టించి హాల్లో పెట్టారు. అదే అవ్వను నేనూ గీశాను, ఎవరో ముసలావిడలా వచ్చింది. పైకి చెల్లిని మెచ్చుకుంటాను, లోపల రగిలిపోతాను. మొన్న తను గీస్తున్న కాగితం మీద నీళ్లు ఒలికితే ఒక్క క్షణం సంతోషం కలిగింది. అప్పటి నుంచి నా మీద నాకే అసహ్యం. నేను గీసినవన్నీ రాత్రికి చింపేస్తున్నాను. నిద్ర, తిండి బాగానే ఉన్నాయి. ఇది జబ్బా? బొమ్మలు మానేయమంటారా?
- ఒక పాఠకురాలు, అనంతపురం

జవాబు: ముందు ఆ నీళ్ల సంగతి. మీరు దాన్ని ఒక్క వాక్యంలో రాశారు గానీ, మిమ్మల్ని ఎక్కువగా తినేస్తున్నది అదే. ఆ నీళ్లు మీరు ఒలకబోయలేదు. మనసులో ఏదో మెదిలింది, మరుక్షణమే నొచ్చుకున్నారు. మనసులో మెదిలిన దానికీ చేతులారా చేసిన దానికీ చాలా దూరం ఉంది. మీరు చెడ్డవారు కాదు.

అసూయ అందరి మీదా పుట్టదు. లేపాక్షి వీరభద్రస్వామి గుడిలో పైకప్పు మీది బొమ్మలు చూసే ఉంటారు. 16వ శతాబ్దంలో, విజయనగర కాలంలో వేసినవి. మెడ పట్టేసేదాకా తలెత్తి చూస్తాం, కానీ ఆ చిత్రకారుల మీద ఎవరికీ కడుపు మండదు. మనతో పాటే మొదలుపెట్టి, మన పక్కనే కూర్చుని గీసేవాళ్లను చూస్తేనే మండుతుంది. 1954లో మనస్తత్వ శాస్త్రవేత్త లియాన్ ఫెస్టింజర్ చెప్పిందీ ఇదే: తన శక్తిని కొలుచుకోవడానికి వేరే కొలబద్ద దొరకనప్పుడు మనిషి తనలాంటి వాళ్లతో పోల్చి చూసుకుంటాడు. మీ ఇంట్లో ఆ పోలిక పటం కట్టి మరీ గోడకు వేలాడుతోంది. బాధ కలగకపోతేనే ఆశ్చర్యం.

ఇక మీ చేతి మీద మీకున్న అనుమానం. అవ్వ బొమ్మలో పోలిక రాలేదని మీకే తెలిసింది కదా! చూపు త్వరగా పదునెక్కుతుంది. చేతికి అది అబ్బాలంటే అవే కదలికలు మెదడులో పదేపదే నాటుకోవాలి, మధ్యలో మంచి నిద్ర కూడా కావాలి. కంటికి తెలిసింది చేతికి ఇంకా రాని ఈ దశలోనే చాలామంది ‘ఇది నా వల్ల కాదు’ అని మానేస్తారు. నాకు చాలా బాధ కలిగించే విషయమిది.

నేను చిత్రకారుడిని కాను. చికిత్సలో భాగంగా మా దగ్గరికి వచ్చేవారి చేత బొమ్మలు గీయిస్తుంటాం కాబట్టి ఒకటి గమనించాను. కొత్తగా ముఖం గీసేవాళ్లు తరచూ కళ్లను బాగా పైకి, నుదుటి దగ్గరికి జరిపేస్తారు. నిజానికి నడినెత్తి నుంచి గడ్డం దాకా కొలిస్తే కళ్లు దాదాపు సగంలో ఉంటాయి. మన ధ్యాసంతా కళ్లు, ముక్కు, నోటి మీదే ఉండటంతో తల పైభాగం కుంచించుకుపోతుంది. అవ్వ ముక్కుపుడకను ఎంత చక్కగా దిద్దినా, ఆ కొలత తప్పితే వేరే మనిషే కనిపిస్తుంది. మీ బొమ్మలో జరిగింది ఇదేనేమో చూడండి. కొలత తప్పితే దిద్దుకోవచ్చు.

అందుకే చింపవద్దంటున్నాను. చింపగానే మనసు కాసేపు తేలికపడుతుంది, ఆ తేలికే అలవాటై రేపు మళ్లీ చింపిస్తుంది. తప్పు ఎక్కడ జరిగిందో చూసుకునే వీలు మాత్రం పోతుంది. తేదీ వేసి పెట్టెలో పెట్టండి, నెల దాకా తీయకండి. పగలంతా లెక్కలు చూసి అలసిన కళ్లతో రాత్రిపూట మీ బొమ్మకు మార్కులు వేయకండి.

మంట రేగినప్పుడు చెల్లి బొమ్మలో మీకు నచ్చినది ఒక్కటి పట్టుకోండి. చెంప కింది నీడా? ముడతల్లో గీత పలచదనమా? అదెలా గీసిందో తననే అడగండి. అక్కగా అడగడం కష్టమే, ఈ వారం కాకపోతే వచ్చే వారం అడగండి. నీళ్లు ఒలికినప్పుడు ఏమనిపించిందో తనకు చెప్పి క్షమాపణ అడగాల్సిన పని లేదు. మీ నాన్నగారికి మాత్రం ఒక మాట చెప్పండి, ఇద్దరి బొమ్మలూ పక్కపక్కన పెట్టి పోల్చవద్దని.

మీరు రాసినంతవరకూ ఇది జబ్బు కాదు. అయితే రెండు వారాలకు పైగా రోజంతా దిగులుగా ఉండటం, ఏ పని మీదా ఆసక్తి లేకపోవడం, నిద్ర, ఆకలి తగ్గడం, ‘నేను ఎందుకూ పనికిరాను’ అనిపించడం ఉంటే మానసిక వైద్యులను కలవాలి. చనిపోవాలన్న ఆలోచన వస్తే ఒక్కరోజు కూడా ఆగకండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416కు ఏ వేళలోనైనా ఉచితంగా ఫోను చేసి తెలుగులో మాట్లాడవచ్చు.

బొమ్మలు మానేయకండి. ఈ ఆదివారం అవ్వను కిటికీ దగ్గర కూర్చోబెట్టండి. పెన్సిల్ నిలువుగా పట్టుకుని మోచెయ్యి వంచకుండా చెయ్యి ముందుకు చాపి, ఒక కన్ను మూసి, నడినెత్తి నుంచి కళ్ల దాకా ఎంతుందో పెన్సిల్ మీద బొటనవేలితో గుర్తు పెట్టుకోండి. కళ్ల నుంచి గడ్డం దాకా కూడా అంతే వస్తుందో లేదో చూసి, ఆ తర్వాతే కాగితం మీద మొదటి గీత పెట్టండి.