సంతకం పెట్టారు సరే, చదివి వినిపించారా?

ప్రశ్న: మా అబ్బాయి అమెరికాలో మినియాపొలిస్‌లో చదువుతున్నాడు. అక్కడ సభలు మొదలుపెట్టే ముందు ‘ఇది డకోటా వాళ్ళ నేల’ అని చదువుతారట. డకోటాలంటే అక్కడి ఆదివాసులు. మా ఇంటాయన మాత్రం ‘ఒప్పందం రాసి, డబ్బు తీసుకుని ఇచ్చేసిన భూమి మళ్ళీ మాదంటే ఎట్లా?’ అంటారు. మీరేమంటారు?
– ఒక పాఠకురాలు, బైరాగిపట్టెడ, తిరుపతి

జవాబు: అమ్మా, మీవారు అడగాల్సిందే అడిగారు. చిత్తూరులో రిజిస్ట్రారు ఆఫీసు ముందు కూర్చుని దస్తావేజులు రాసి బతికినవాణ్ణి నేను. ఆ కాగితాలనూ అదే కంటితో చూస్తాను. ఎవరు రాశారు, ఎవరు చదివి వినిపించారు, సొమ్ము ఎవరి చేతికి పోయింది?

మొదటి ఒప్పందం 1805 నాటిది. పైక్ అనే అమెరికా సైనికాధికారి కోట కట్టడానికి డకోటాల దగ్గర సుమారు లక్ష ఎకరాలు రాయించుకున్నాడు. వచ్చిన ఏడుగురు నాయకుల్లో సంతకం పెట్టింది ఇద్దరే. ధర రాయాల్సిన చోటు ఖాళీ! ఆ నేల 2 లక్షల డాలర్లు చేస్తుందని పైక్ లెక్కగట్టాడు. తర్వాత అమెరికా ఎగువ సభ సెనేట్ ఆ ఖాళీలో 2 వేలు వేసింది. ప్రతిఫలం రాయని క్రయపత్రాన్ని మన దగ్గర ఏ గుమాస్తా అయినా ముట్టుకుంటాడా?

అసలు పెద్దవి 1851 నాటివి. జూలైలో ట్రావర్స్ దె సూ అనే చోట డకోటాల్లోని సిసెటన్, వాపెటన్ తెగలు, ఆగస్టులో మెండోటా దగ్గర మిగతా రెండు తెగలు సంతకాలు పెట్టాయి. రెండూ కలిపి సుమారు 2 కోట్ల 40 లక్షల ఎకరాలు, అంటే మన ఉమ్మడి చిత్తూరు జిల్లాలు ఆరు పట్టేంత నేల. ఎకరాకు 13 సెంట్లు కూడా పడలేదు. అదే నేలను ప్రభుత్వం తర్వాత వలసదారులకు అమ్మిన ధర ఎకరా డాలరుంబావు.

ట్రావర్స్ దె సూ దగ్గర జరిగింది తలుచుకుంటే నాకిప్పటికీ కడుపు మండుతుంది. నాయకులు ఒప్పందం మీద సంతకం పెట్టి లేచి వస్తుంటే, పక్కనే ఒక పీపా మీద మరో కాగితం పరిచి దాని మీదా పెట్టించారు. అది ఒప్పందానికే ఇంకో ప్రతి అనుకున్నారు వాళ్ళు. ఎవరూ చదివి వినిపించలేదు. అది వ్యాపారులు రాయించుకున్న బాకీ పత్రం. మొదట చేతికి రావాల్సిన రొక్కంలో చాలా భాగం దాని పేరుతోనే వ్యాపారులకు పోయింది.

మిగిలిన సొమ్మైనా దక్కిందా అంటే, ట్రావర్స్ దె సూ ఒప్పందంలోని 16 లక్షల 65 వేల డాలర్లలో 13 లక్షల 60 వేలు ప్రభుత్వమే అట్టిపెట్టుకుంది. ఏడాదికి నూటికి 5 చొప్పున 50 ఏళ్ళు వడ్డీ ఇస్తారట, దాంతో అసలు కూడా చెల్లినట్టేనట. మీరు ఇల్లమ్మితే కొన్నవాడు వడ్డీ మాత్రం ఇచ్చి అసలు ఎగ్గొడితే, మీవారు ఊరుకుంటారా?

ఇంకొకటి. మిన్నెసోటా నదికి అటూ ఇటూ పదేసి మైళ్ళు మీకే వదిలేస్తామని ఒప్పందంలో రాశారు. సంతకాలయ్యాక, 1852లో సెనేట్ ఆ షరతునే కొట్టేసింది. డకోటాలు అక్కడే ఉన్నారు, కానీ అధ్యక్షుడి దయమీద. 1858లో నదికి ఉత్తరపు ఒడ్డూ పోయింది. దానికి సెనేట్ కట్టిన ధర ఎకరాకు 30 సెంట్లు.

1862లో ఆ ఏడాది ఇవ్వాల్సిన సొమ్ము ఆలస్యమైంది, జనం ఆకలితో అలమటించారు. ఆగస్టు 18న డకోటాలకూ అమెరికాకూ యుద్ధం మొదలైంది. ఆ సొమ్ము తాలూకు బంగారు నాణేలు అక్కడి సైనిక కోటకు చేరింది కూడా ఆ రోజే. డిసెంబరు 26న మాన్‌కేటోలో 38 మంది డకోటాలను ఒకేసారి ఉరితీశారు. 1863 ఫిబ్రవరిలో అమెరికా పార్లమెంటు అయిన కాంగ్రెస్ ఒప్పందాలన్నిటినీ రద్దు చేసింది. ఏటా ఇవ్వాల్సిన సొమ్ము ఆగిపోయింది, భూమి మాత్రం వెనక్కి రాలేదు. కొన్నవాడు బేరం రద్దు చేసుకుంటే సరుకు తిరిగివ్వాలి కదా! మీవారికి నా జవాబు ఇదే.

వీలైతే మీ అబ్బాయిని సెయింట్ పీటర్ ఊరికి వెళ్ళి రమ్మనండి. ట్రావర్స్ దె సూ ఒప్పందం జరిగిన చోట చరిత్ర కేంద్రం ఉంది.