రాజీనామా ఇచ్చే ముందు

చి. మేనల్లుడికి మావయ్య ఆశీస్సులు.

నీ మెసేజ్ చదివాను. ఫోన్లో తేలే సంగతి కాదని ఉత్తరం రాస్తున్నాను. సీరియల్లో హీరోయిన్ తండ్రి వేషం వచ్చిందంటే నాకు చాలా సంతోషంగా ఉంది. మన విశాఖలో కళాభారతిలోనూ, గురజాడ కళాక్షేత్రంలోనూ నీ నాటకాలు చూసినవాణ్ణి, నీలో సరుకుందని తెలిసినవాణ్ణి. కానీ ఉద్యోగానికి రాజీనామా ఇచ్చి హైదరాబాదులో ఇల్లు తీసుకుంటానన్నావు చూడు, అక్కడ మాత్రం ఆగు.

క్యారెక్టర్ ఆర్టిస్టు కోసం ఎవరూ కథ రాయరు. కథ రాసుకున్నాక ఒక మావయ్యో, ఒక ఎస్సైయో, ఒక హెడ్మాస్టరో అవసరమైతే అప్పుడు మన నంబరు వెతుకుతారు. ఒక నెల తీరిక ఉండదు, ఆ తర్వాత ఎన్నాళ్ళయినా ఫోను మోగదు. సీరియల్ రేటింగ్ తగ్గితే కథ మలుపు తిప్పి తండ్రి పాత్రని చంపేస్తారు, లేదా ఊరు పంపించేస్తారు. పిల్లల ఫీజులూ ఇంటి అద్దే ఆ ఫోను మీదే ఆధారపడితే ఆ టెన్షన్ మొహంలోకి వచ్చేస్తుంది, కెమెరా దాన్ని పట్టేస్తుంది. మంచి నటులు ఇలాగే పాడవడం చూశాను. వచ్చిన ప్రతి వేషమూ ఒప్పుకుని, అన్నింట్లోనూ అదే ఏడుపు ఏడ్చి, చివరికి ఏ దర్శకుడికీ కొత్తగా కనబడకుండా పోయారు. నువ్వు అలా కాకూడదనే నా తాపత్రయం.

కోట శ్రీనివాసరావు గారు స్టేట్ బ్యాంకులో ఉద్యోగం చేస్తూ నాటకాలు వేసినవారే. ఆయన మొదటి సినిమా 1978లో వచ్చింది, జనం నోట పేరు నానింది 1985 తర్వాత. మన ఉత్తరాంధ్ర మనిషి జె.వి. సోమయాజులు గారి సంగతి నీకు తెలియనిది కాదు. రెవెన్యూ శాఖలో డిప్యూటీ కలెక్టరుగా చేస్తూ, తమ్ముడు రమణమూర్తి గారితో కలిసి ఏళ్ళ తరబడి గురజాడ కన్యాశుల్కం ఆడారు. 1980లో శంకరాభరణం వచ్చేసరికి ఆయనకి యాభై దాటాయి. శంకరశాస్త్రి మొహంలో ఆ నిబ్బరం ఒక్క సినిమాతో వచ్చింది కాదు. అన్నేళ్ళ స్టేజీ అనుభవం అందులో ఉంది. రేపు ఏం తినాలన్న దిగులు లేని జీవితం కూడా ఉందని నేను నమ్ముతాను.

ముప్పై ఎనిమిదేళ్ళకే తండ్రి వేషమా అని బాధపడ్డావట, మీ అమ్మ చెప్పింది. అది బాధపడాల్సిన సంగతి కానే కాదు. 1955లో అర్ధాంగి చిత్రంలో గుమ్మడి గారు అక్కినేని గారికి తండ్రిగా నటించారు. అప్పటికి గుమ్మడి గారికి ముప్పై ఏళ్ళు కూడా లేవు. కొడుకుగా వేసిన అక్కినేని గారు ఆయన కన్నా పెద్దవారు. జుట్టుకి తెల్లరంగు పూసినంత మాత్రాన ఆ పెద్దరికం రాదు. నిలబడే తీరులో, మాటకి ముందు తీసుకునే చిన్న విరామంలో వయసు కనబడాలి. మీ నాన్న కుర్చీలోంచి లేచేటప్పుడు చెయ్యి ఎక్కడ ఆనిస్తారో రేపటి నుంచి గమనించు.

అసలు పని గురించి ఇంకొంచెం చెప్తాను, ఇక్కడే చాలామంది జారిపోతారు. సీరియల్ స్పాట్‌లో డైలాగ్ పేపర్ అప్పటికప్పుడు వస్తుంది. రోజుకి చాలా సీన్లు తీయాలి కాబట్టి అసిస్టెంట్ డైరెక్టర్ పక్క నుంచి ప్రాంప్టింగ్ ఇస్తుంటాడు, ఆర్టిస్టు విని అప్పజెబుతాడు. ఇది అలవాటైతే చెవి అసిస్టెంట్ దగ్గర ఉంటుంది, కళ్ళు మాత్రం ఎదుటి మనిషి మీద ఉంటాయి. ఆ కళ్ళలో ఏమీ ఉండదు. పేపర్ చేతికి రాగానే పక్కకి వెళ్ళి ముందు ఎదుటివాళ్ళ మాటలు చదువు, నీవి తర్వాత చదువు. కూతురు "నేను ఈ పెళ్ళి చేసుకోను" అన్నప్పుడు నీ లోపల ఏం జరిగిందో నీకు తెలిస్తే, నీ డైలాగులో ఒక మాట అటూ ఇటూ అయినా సీను నిలబడుతుంది. తండ్రి పాత్రకి సగం పని వినడమే. ఎడిటింగులో వాడుకునేది చాలాసార్లు నువ్వు మాట్లాడుతున్న ముక్క కాదు, వింటున్న ముక్క.

సీనంతా ఒకేసారి తీసే మాస్టర్ షాట్ అయ్యాక హీరోయిన్‌కి క్లోజప్ పెడతారు. అప్పుడు నువ్వు ఫ్రేములో ఉండవు. చాలామంది ఆ టైములో వెళ్ళి కూర్చుంటారు, డైలాగులు అసిస్టెంట్ చదువుతాడు. నువ్వు వెళ్ళకు. కెమెరా పక్కన నిలబడి, నీ షాటులో చెప్పినంత నిజంగానూ చెప్పు. ఆ అమ్మాయి కన్నీళ్ళు బాగా వస్తే సీను బాగుపడుతుంది. సీను బాగుపడితే నువ్వూ బాగుపడతావు. అలాంటి మనిషిని దర్శకులు మర్చిపోరు.

ఇంకొకటి, మనిషిని తయారుచేసుకుని వెళ్ళు. ఆ తండ్రికి కిరాణా కొట్టు ఉందని మాత్రమే నీకు చెప్పారు కదా. పూర్ణా మార్కెట్‌కి వెళ్ళి ఒక పూటంతా నిలబడు. కొట్టు యజమాని చిల్లర ఇస్తూ ఎవరి మొహం చూస్తాడు, అప్పు అడిగినవాడికి ఎలా జవాబిస్తాడు, మధ్యాహ్నానికి గొంతు ఎలా మారుతుంది, అన్నీ చూడు. రచయిత చెప్పకపోయినా ఆ మనిషికి ఎంత అప్పుందో, ఎవరంటే భయమో నువ్వే రాసుకో. ఎవరికీ చూపించనక్కర్లేదు.

మన యాస అడిగితే మొహమాటపడకుండా చెప్పు. అయితే నవ్వించడానికి సాగదీసి మాట్లాడమంటే, మర్యాదగా ఒకసారి అసలు పలుకుబడి వినిపించు. అనకాపల్లి బెల్లం మార్కెట్‌లో వినిపించే మాట, ఫిషింగ్ హార్బర్‌లో వినిపించే మాట, శ్రీకాకుళం పల్లెల మాట ఒకటి కావు. చెవిన పడినవాడికి తేడా తెలుస్తుంది. కృష్ణా జిల్లా మనిషి అయిన కోట గారు తెలంగాణ మాటతోనే పెద్ద పేరు తెచ్చుకున్నారు. నీకు మన మాట పుట్టుకతోనే వచ్చింది, దాన్ని చులకన చేయకు.

గొంతు తగ్గించు. నాటక పరిషత్తుల్లో చివరి వరసకి వినబడేలా మాట్లాడిన అలవాటు నీది, ఇక్కడ మైకు నీ చొక్కాకే ఉంటుంది. డబ్బింగ్ నీ పాత్రకి నువ్వే చెప్పుకుంటానని మొదటి రోజే అడుగు.

చిన్న విషయాలు కొన్ని. సీరియళ్ళలో బట్టలు చాలావరకు మనమే తీసుకెళ్ళాలి. ఇస్త్రీ చేసినవి నాలుగు జతలుంచుకో, సన్న గళ్ళ చొక్కాలు వద్దు, కెమెరాలో గీతలు కదిలినట్టు కనబడతాయి. ప్రతి సీను అయ్యాక ఫోనులో నీ ఫొటో తీసుకో. వాచీ ఏ చేతికుందో కంటిన్యూటీ అసిస్టెంట్‌తో పాటు నీకూ తెలియాలి. మీసం, గడ్డం ఎలా మొదలుపెడితే సీరియల్ అయ్యేదాకా అలాగే ఉండాలి. రాత్రి గోదావరి ఎక్స్‌ప్రెస్‌లో వెళ్ళి పొద్దున్నే మేకప్‌కి కూర్చోకు, కళ్ళ కింద వాపు దాగదు. ముందు రోజే చేరుకుని నిద్రపో.

డబ్బు సంగతి స్పష్టంగా మాట్లాడటం తప్పు కాదు. రోజుకి ఎంత, ప్రయాణ ఖర్చు ఎవరిది, ఎన్నాళ్ళకి ఇస్తారు, ఇవన్నీ వాట్సాప్‌లో అయినా రాయించుకో. చేసిన ప్రతి కాల్షీటూ డైరీలో రాసుకో. టీడీఎస్ అని ముందే పన్ను పట్టుకుంటే రిటర్ను వేసి లెక్క చూసుకో. వేషం ఇప్పిస్తానని ఎదురు డబ్బు అడిగినవాడి గుమ్మం తొక్కకు, వాడు ఎంత పెద్దవాళ్ళ పేర్లు చెప్పినా సరే.

నీది ప్రభుత్వ ఉద్యోగం. డబ్బు తీసుకుని బయట నటించాలంటే పై అధికారి అనుమతి కాగితం మీద ఉండాలి, ముందు దాని కోసం అర్జీ పెట్టు. ఈలోగా భీమిలి రోడ్డులో రామానాయుడు స్టూడియోకో, అరకుకో యూనిట్లు వచ్చి ఒకటి రెండు రోజుల వేషాలకి పిలిస్తే, డబ్బు ప్రసక్తి లేకపోయినా ఆఫీసులో అడిగి, సెలవు పెట్టి చెయ్యి. డాక్టరో, జడ్జీయో, ఏదయినా సరే. ఏడాది ఇంటి ఖర్చు బ్యాంకులో ఉండి, ఇద్దరు ముగ్గురు దర్శకులు వాళ్ళంతట వాళ్ళే మళ్ళీ పిలిచిన రోజున రాజీనామా సంగతి మనిద్దరం కూర్చుని మాట్లాడుకుందాం. అప్పుడు నేను అడ్డు చెప్పను, మీ అమ్మకి కూడా నేనే చెబుతాను.

ఈ వేషానికి పిలిచిన ఆ సీరియల్ మేనేజరుకి ఏం చెప్పాలని అడిగావు. ఇలా చెప్పు: "సార్, వేషం నాకు నచ్చింది. మా ఆఫీసు అనుమతి రాగానే నెలకి ఆరు రోజులు వరసగా ఇవ్వగలను. ఇంట్లో జరిగే సీన్లన్నీ ఆ రోజుల్లో పెట్టుకోండి. ఇచ్చిన తేదీ తప్పను." తండ్రి సీన్లు ఎక్కువగా ఒకే ఇంట్లో ఉంటాయి కాబట్టి ఒప్పుకునే అవకాశం బాగానే ఉంది. ఒప్పుకోకపోతే నమస్కారం పెట్టి, తర్వాత ఏదైనా ఉంటే పిలవమని చెప్పి, నీ నంబరూ రెండు ఫొటోలూ పంపించు.

ఇట్లు,
మీ మావయ్య
పెదవాల్తేరు, విశాఖపట్నం