పంటకు ధర లేక లోను ఆగిపోయింది: బ్యాంకు పొలం వేలం వేస్తుందా?

ప్రశ్న: మూడెకరాల రైతును. లక్షన్నర పంట రుణం తీసుకున్నాను. రెండేళ్లుగా పంటకు ధర లేక వడ్డీ కూడా కట్టలేదు. పొలం వేలం వేస్తామని, జైలుకు పంపుతామని బ్యాంకువాళ్లు అంటున్నారు. నిజమేనా?

జవాబు: ముందు జైలు భయం వదిలేయండి. అప్పు కట్టలేకపోవడం నేరం కాదు. బాకీ కట్టమని కోర్టు డిక్రీ (తీర్పు) ఇచ్చాక కూడా, కట్టే స్తోమత ఉండి ఎగ్గొడుతున్నారని తేలితేనే అరెస్టు. సుప్రీంకోర్టు 1980లోనే ఈ మాట చెప్పింది. సంతకం చేసిన చెక్కులు ఇచ్చి ఉంటే మాత్రం సంగతి వేరు, అవి బౌన్సయితే క్రిమినల్ కేసు అవుతుంది.

ఇక పొలం. ఇళ్లను కోర్టు గడప తొక్కకుండా స్వాధీనం చేసుకునే 2002 నాటి సర్ఫేసీ చట్టం సాగుభూమికి వర్తించదు. సెక్షన్ 31(ఐ) చూడండి. అయితే రికార్డులో మెట్ట అనో మాగాణి అనో ఉంటే చాలదు, నిజంగా సాగులో ఉందని మీరే చూపించాలి. అడంగల్ నకలు, ఎరువుల బిల్లులు దాచుకోండి. బ్యాంకు కోర్టుకెళ్లి డిక్రీ తెచ్చుకుంటే పొలం జప్తు కావచ్చు. మీరుండే ఇల్లు, సేద్యానికి తప్పనిసరైన పనిముట్లు, ఎడ్లు, విత్తనాలకు సివిల్ ప్రొసీజర్ కోడ్ (సీపీసీ) సెక్షన్ 60 రక్షణ ఉంది, ఆ ఇల్లు తనఖాలో లేకపోతే. సహకార సంఘం అప్పయితే ఇంత తీరిక ఉండదు, వాళ్లకు వసూలుకు వేరే దారి ఉంది.

ఎక్కువమంది దెబ్బతినేది ఒక చిన్న సంతకం దగ్గర. తనఖా లేని అప్పుకు దావా గడువు మూడేళ్లు. అది ముగిసేలోపు 'రెన్యువల్ కాగితం, ఇక్కడో సంతకం' అంటారు. పెడితే గడువు మళ్లీ మొదలు. చదవకుండా పెట్టకండి. ఖాతా స్టేట్‌మెంట్ కూడా అడగండి: చిన్న, సన్నకారు రైతు స్వల్పకాలిక రుణంపై మొత్తం వడ్డీ అసలును మించకూడదన్నది రిజర్వు బ్యాంకు నిబంధన.

కరువో వరదో అయితే రుణం రీషెడ్యూల్‌కు దారి ఉంది. ధర పడిపోతే అలాంటి హక్కు లేదు. నష్టం రెండింట్లోనూ ఒకటే, నాకిది అన్యాయంగానే తోస్తుంది. అంచేత బేరమే మార్గం. వన్ టైమ్ సెటిల్‌మెంట్‌ను, అంటే తగ్గించిన మొత్తం కట్టి అప్పు తీర్చేసుకోవడాన్ని, హక్కుగా అడగలేరు గానీ, కేసు పడకముందే రాజీ కుదిర్చే లోక్ అదాలత్‌కు వెళ్లవచ్చు. మండల న్యాయ సేవా కమిటీలో అర్జీ ఇవ్వండి. అక్కడి అవార్డుపై (రాజీ తీర్పుపై) అప్పీలు లేదు కాబట్టి తొందరపడి ఒప్పుకోకండి. కిస్తీ తేదీ మాత్రం మీ పంట అమ్ముడయ్యే నెల దాటాకే రాయించుకోండి.