సూర్యుడి మీద ఇన్ని మిషన్లు దేనికి? దూరపు నక్షత్రాలకీ దానికీ ఏంటి సంబంధం?

మీ ప్రశ్నలో మూడు ముక్కలున్నాయి. ఇస్రో ఆదిత్య, నాసా పార్కర్ అంటూ ఇన్ని పంపాక రోజూ కనిపించే సూర్యుడి గురించి ఇంకా తెలియనిది ఏముంది, ఎక్కడో ఉన్న నక్షత్రాల పరిశోధనకీ దీనికీ సంబంధం ఉందా, ఇంటర్ ఎంపీసీ చదువుతున్న మీ అమ్మాయి ఆస్ట్రోఫిజిక్స్ అంటోంది కాబట్టి హైదరాబాద్‌లో ఉండి చూడ్డానికీ చేయడానికీ ఏమైనా ఉందా అని. నేను ఇంటర్ పిల్లలకి ఫిజిక్స్ చెప్తాను, చాలా ఏళ్ళుగా మా డాబా మీద చిన్న టెలిస్కోపు పెట్టుకుని ఆకాశం చూస్తున్నాను. ఆ అనుభవంతో రాస్తున్నాను.

ముందు సంబంధం సంగతి. ఎంత పెద్ద టెలిస్కోపుతో చూసినా దాదాపు ప్రతి నక్షత్రమూ ఒక చుక్కే. ముఖం దగ్గరగా కనిపించే నక్షత్రం మనకి సూర్యుడొక్కడే. మచ్చ ఎక్కడ పుట్టింది, ఎలా పెరిగింది, మంట ఏ పక్కనుంచి లేచింది అన్నీ కళ్ళ ముందే జరుగుతాయి. కానీ సూర్యుడి వయసు సుమారు 460 కోట్ల ఏళ్ళు, మనం టెలిస్కోపుతో చూడ్డం మొదలుపెట్టి 400 ఏళ్ళు దాటిందంతే. కుర్రతనంలో ఎలా ఉండేవాడు, ముసలితనంలో ఏమవుతాడు, వెయ్యేళ్ళకోసారి ఏం చేస్తాడు అన్నవి ఒక్క సూర్యుణ్ణే చూస్తూ కూర్చుంటే తెలియవు. అందుకు వేల నక్షత్రాలని చూడాలి. అందుకే నా దృష్టిలో ఇవి రెండు వేరు వేరు పరిశోధనలు కావు.

దీనికి మంచి ఉదాహరణ 2024 డిసెంబరులో వచ్చిన ఒక అధ్యయనం. కెప్లర్ అంతరిక్ష టెలిస్కోపు తీసిన రికార్డుల్లోంచి సూర్యుడి లాంటి 56,450 నక్షత్రాలని ఎంచుకుని వాటి వెలుగులో హఠాత్తుగా వచ్చిన పెరుగుదలలు వెతికారు. ఒక్కోదాన్ని చూసింది కొన్నేళ్ళే అయినా అన్నీ కలిపితే 2,20,000 ఏళ్ళ పరిశీలనతో సమానం. అందులో 2,527 నక్షత్రాల మీద 2,889 సూపర్‌ఫ్లేర్లు (మామూలు సౌర మంటలైన ఫ్లేర్ల కన్నా ఎంతో పెద్దవి) దొరికాయి, అంటే ఒక్కో నక్షత్రానికి దాదాపు వందేళ్ళకోటి. 1859లో ఇంగ్లండ్ ఖగోళ శాస్త్రవేత్త కారింగ్టన్ సూర్యుడి మీద చూసిన ఫ్లేర్ తర్వాత వచ్చిన తుఫానుకే టెలిగ్రాఫ్ తీగల్లో నిప్పురవ్వలు లేచాయి, ఇవి దానికన్నా ఎంతో పెద్దవి. మరి మన సూర్యుడు అలాంటిది ఎందుకు చేయలేదు? చేశాడేమో అనడానికి జాడలున్నాయి. 2012లో జపాన్ శాస్త్రవేత్తలు పాత సెడార్ చెట్ల వలయాల్లో క్రీ.శ. 774-775 దగ్గర కార్బన్-14 (అంతరిక్షం నుంచి వచ్చే శక్తివంతమైన కణాలు మన గాలిని తాకితే పుట్టేది) ఒక్కసారిగా పెరిగినట్టు చూపించారు, తర్వాత అలాంటివి ఇంకొన్ని బయటపడ్డాయి. కానీ అవి వందేళ్ళకోసారి అన్నంత తరచుగా లేవు. మన సూర్యుడు నిజంగానే నెమ్మదా, లేక పైకి ఒకేలా కనిపిస్తున్నా ఆ నక్షత్రాల్లో మనకి ఇంకా తెలియని తేడా ఏదైనా ఉందా అన్నది తేలలేదు. ఇలాంటి వార్త రాగానే భూమి మాడిపోతుందని భయపెట్టే వీడియోలు వస్తాయి, పిల్లలు టెన్షన్ పడి క్లాసులో అడుగుతారు. నాకు చాలా బాధేస్తుంది, ఎందుకంటే అసలు ప్రశ్న ఆ భయం కన్నా ఎంతో బాగుంటుంది.

2024 మే నెలలో ఏం జరిగిందో మీకు గుర్తుండే ఉంటుంది. మే 9 హైదరాబాద్‌లో నీడ లేని రోజు, మధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వస్తాడు. దానికోసం మా పిల్లల్ని డాబా మీదకి రమ్మన్నాను. పొద్దున్నే వచ్చినవాళ్ళకి టెలిస్కోపు వెనక తెల్ల చార్టు పట్టుకుని సూర్యబింబం పడేలా చేసి చూపించాను. బింబం మీద ఒక పెద్ద నల్ల మచ్చల గుంపు, ఒక్కొక్క నల్లటి ముద్ద చుట్టూ బూడిదరంగు అంచు. ఒక పిల్లాడు చార్టుకి దుమ్ము అంటిందనుకుని వేలితో తుడవబోయాడు. చార్టుని అటూ ఇటూ కదిపాను, కాగితం జరిగింది గానీ మచ్చ మాత్రం బింబంతోపాటు ఉన్నచోటే ఉంది. అది ఎంత వెడల్పో తెలుసా అని అడిగి పక్కపక్కనే 15 భూములు పేర్చినంత అని చెప్తే కాసేపు ఎవరూ మాట్లాడలేదు. ఏఆర్ 3664 అని పేరున్న ఆ గుంపు నుంచే వరసగా బయల్దేరిన ప్లాస్మా (విద్యుదావేశమున్న వేడి వాయువు) మేఘాలు మే 10న భూమిని తాకి, 2003 తర్వాత అంత పెద్ద అయస్కాంత తుఫాను తెచ్చాయి. లద్దాఖ్‌లోని హాన్లే దగ్గర ఆకాశం ఎర్రబడింది. అమెరికాలో విత్తనాలు వేసే రోజులు కావడంతో జీపీఎస్ తప్పు దూరాలు చూపించి రైతుల ట్రాక్టర్లు ఆగిపోయాయి. సూర్యుడి పరిశోధన ఎందుకని ఎవరైనా అడిగితే నేను ఈ ట్రాక్టర్ల సంగతే చెప్తాను.

మిషన్ల గురించి క్లుప్తంగా. ఆదిత్య-ఎల్1 2023 సెప్టెంబరు 2న శ్రీహరికోట నుంచి బయల్దేరి 2024 జనవరి 6న భూమికి సూర్యుడి వైపు 15 లక్షల కి.మీ. దూరంలోని ఎల్1 అనే బిందువు చుట్టూ ఉన్న కక్ష్యలో చేరింది, అక్కడినుంచి గ్రహణాల అడ్డు లేకుండా ఎప్పుడూ సూర్యుణ్ణి చూడొచ్చు. పార్కర్ 2024 డిసెంబరు 24న సూర్యుడి ఉపరితలానికి 61 లక్షల కి.మీ. దూరం దాకా వెళ్ళింది. ఇంకోటి ఐరోపా వాళ్ళ ప్రోబా-3, అది కూడా మన శ్రీహరికోట నుంచే 2024 డిసెంబరులో పీఎస్ఎల్‌వీ మీద వెళ్ళింది. రెండు ఉపగ్రహాలు 150 మీటర్ల ఎడంతో ఎగురుతూ, ముందున్నది సూర్యబింబానికి అడ్డుపడితే వెనకది ఆ నీడలోంచి కరోనాని, అంటే సూర్యుడి చుట్టూ ఉండే పలచటి వాతావరణాన్ని ఫొటో తీస్తుంది. అంటే కావలసినప్పుడు గ్రహణం తెచ్చుకోవడమే. ఇంత అవస్థ దేనికంటే, సూర్యుడి ఉపరితలం 5,500 డిగ్రీలుంటే దాని పైనున్న కరోనా 10 లక్షల డిగ్రీలు దాటుతుంది. అయస్కాంత క్షేత్రమే కారణమని అందరూ ఒప్పుకుంటారు, ఆ శక్తి పైకి వెళ్ళి సరిగ్గా ఎలా వేడిగా మారుతుందన్న దగ్గరే వాదన నడుస్తోంది.

ఇందులో మన తెలుగు నేలకి పాత బంధుత్వం ఉంది. 1868 ఆగస్టు 18న సంపూర్ణ గ్రహణాన్ని ఖగోళ శాస్త్రవేత్తలు ఫ్రాన్స్ నుంచి వచ్చిన జాన్సెన్ గుంటూరులో, మద్రాసు నుంచి వచ్చిన పోగ్సన్ మచిలీపట్నంలో చూశారు. ఆ ఏడాది పరిశీలనల్లో సూర్యుడి వర్ణపటంలో (కాంతిని రంగులుగా విడదీస్తే వచ్చే పట్టీలో) కనిపించిన పసుపు గీతే తర్వాత హీలియందని తేలింది. ఇక మీ అమ్మాయికి తప్పకుండా చెప్పాల్సిన పేరు ఖగోళ శాస్త్రవేత్త వేణు బప్పు. వాళ్ళ నాన్నగారు ఇక్కడి నిజామియా అబ్జర్వేటరీలో పనిచేశారు, బప్పు నిజాం కాలేజీలో చదివారు. 1957లో ఆయన, అమెరికా శాస్త్రవేత్త ఓలిన్ విల్సన్ కలిసి, నక్షత్ర వర్ణపటంలో కాల్షియం వల్ల వచ్చే కె రేఖ మధ్యలో కనిపించే మెరుపు వెడల్పుని బట్టి ఆ నక్షత్రం అసలు కాంతి ఎంతో చెప్పొచ్చని చూపించారు. సూర్యుడి మీద మచ్చలున్న చోట వెలిగే కాల్షియం కాంతే ఇది. 1966 నుంచి విల్సన్ ఆ కాంతినే నక్షత్రాల్లో ఏళ్ళ తరబడి కొలిచి, సూర్యుడి మచ్చలు పెరిగి తగ్గే 11 ఏళ్ళ చక్రం లాంటివి వాటికీ ఉన్నాయని చూపించారు. చుక్క మీద మచ్చలు కనబడకపోయినా అవి పెరుగుతున్నాయో తగ్గుతున్నాయో చెప్పగలుగుతున్నామంటే కారణం అదే.

కంటితో చూడగలిగేది కావాలంటే ఆర్ద్ర నక్షత్రం (ఇంగ్లీషులో బీటిల్‌జూస్), ఓరియన్ అనే వేటగాడి నక్షత్రమండలంలో ఒక భుజం. చలికాలం సాయంత్రాల్లో తూర్పున ఎర్రగా కనిపిస్తుంది, మన లైట్ల వెలుగులో కూడా. నేను దాన్ని పక్కనున్న రోహిణితోనూ, ఆ వేటగాడి రెండో భుజం మీదున్న బెల్లాట్రిక్స్‌తోనూ పోల్చి ఎంత వెలుగుందో రాసుకుంటూ ఉంటాను. 2020 ఫిబ్రవరికి అది తగ్గీ తగ్గీ బెల్లాట్రిక్స్‌కి సమానమైంది. రాత్రి డాబా మీద నిలబడి ఆ రెండు భుజాలూ ఒకేలా ఉండటం చూస్తుంటే ఒళ్ళు జలదరించింది. పేలిపోతుందేమోనని ప్రపంచమంతా అనుకుంది, కానీ ఏప్రిల్‌కల్లా మామూలైంది. హబుల్ వగైరా పరిశీలనల్ని బట్టి, ఆ నక్షత్రం తన ఉపరితలం నుంచే పెద్ద ముద్దని విసిరేస్తే అది చల్లారి ధూళిగా మారి మనకి అడ్డొచ్చింది. సూర్యుడు కూడా ప్లాస్మా విసురుతాడు గానీ ఆ పరిమాణం ముందు అది లెక్కలోకి రాదు. 2025 జులైలో హవాయిలోని జెమినై నార్త్ టెలిస్కోపుతో ఆర్ద్రకి అతి దగ్గరగా తిరిగే తోడు నక్షత్రం కనిపించిందని కూడా ప్రకటించారు.

మీ అమ్మాయి విషయానికొస్తే, ఆదిత్య డేటా ఇస్రో వాళ్ళ ప్రదాన్ పోర్టల్‌లో ఉంది, పేరు నమోదు చేసుకుంటే దించుకోవచ్చు. ఇప్పట్నుంచే పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాష నేర్చుకోమనండి, ఈ రంగంలో రోజు గడిచేది దాంతోనే. ఇంటర్ తర్వాత తిరువనంతపురంలోని అంతరిక్ష విద్యాసంస్థ ఐఐఎస్‌టీ, సైన్స్ విద్యాసంస్థలైన ఐసర్లు, లేదా మంచి బీఎస్సీ ఫిజిక్స్, ఏదైనా సరే గణితం గట్టిగా ఉండాలి. పీహెచ్‌డీకి బెంగళూరు ఐఐఏ, పుణె అయుకా, అహ్మదాబాద్ పీఆర్‌ఎల్ అనే పరిశోధన సంస్థలు ఉన్నాయి, ఇలాంటి చోట్ల చేరడానికి రాసే జెస్ట్ పరీక్ష గురించి తెలుసుకోండి. చదువు పొడుగు, సీట్లు తక్కువ, అది దాచను. ఇష్టం ఉంటే మాత్రం ఆపొద్దు. నౌబత్ పహాడ్ మీద బిర్లా ప్లానెటేరియం ఎలాగూ ఉంది, ఒక్క రాత్రి వికారాబాద్ వైపు చీకట్లోకి తీసుకెళ్తే ఇంకా మంచిది.

సూర్యుణ్ణి చూడాలనుకుంటే టెలిస్కోపులోంచి నేరుగా చూడొద్దు, కాగితం మీదే పడేలా చేయండి. పక్కనుండే చిన్న ఫైండర్‌కి (గురి చూసుకునే చిన్న గొట్టానికి) కూడా మూత పెట్టండి, దానికి కన్ను ఆనిస్తే చూపు పోతుంది. చౌక టెలిస్కోపులతో వచ్చే ప్లాస్టిక్ ఐపీస్‌లు (కన్ను ఆనించే వైపు కటకాలు) వేడికి కరుగుతాయి, ఈ పనికి వాడొద్దు. టెలిస్కోపు లేకపోతే గ్రహణం కళ్ళద్దాలు చాలు, పెద్ద మచ్చలుంటే వాటితోనే కనిపిస్తాయి.