అరటిపండు కేక్ పొడిపొడిగా వస్తోందంటే కప్పు కొలతే కారణం

కేక్ ఎందుకు పొడిపొడిగా వస్తోందని అడిగారు. పండును ముక్కలుగా కోసి ఒకటిన్నర కప్పులు కొలిచానన్నారు కదా, తేడా అక్కడే వచ్చింది. రెసిపీలో ఉన్నది ఒకటిన్నర కప్పుల గుజ్జు. ముక్కల మధ్య ఖాళీ ఉంటుంది, కప్పు నిండినట్టు కనిపించినా పండు తక్కువే పడుతుంది.

240 మి.లీ. కప్పుకి:
ముక్కలైతే సుమారు 150 గ్రాములు
మెదిపిన గుజ్జయితే సుమారు 225

అంటే ఒకటిన్నర కప్పులకి పడాల్సింది సుమారు 340 గ్రాములు, మీరు వేసింది 225. పొడిపొడిగా రాక ఏమవుతుంది!

1. తొక్క తీశాకే తూచండి. చాలామంది మర్చిపోయేది ఇదే. బరువులో మూడో వంతు దాకా తొక్కే. షాపులో తూచిన అరకిలో గిన్నెలోకి వచ్చేసరికి 330 గ్రాములే మిగలొచ్చు.
2. ఖాళీ గిన్నె స్కేలు మీద పెట్టి సున్నా చేయండి. 340 వచ్చేదాకా పండు వేసి, అందులోనే ఫోర్కుతో మెదపండి.

స్కేలు లేకపోతే మెదిపాకే కప్పుతో కొలవండి. టీ కప్పు మాత్రం వద్దు, మా ఇంట్లోది 150 మి.లీ. దాటదు.