బ్యాటరీ పెట్టెకు సొట్ట పడింది, బీమా ఎంతవరకు ఇవ్వాలి?

ప్రశ్న: మాది విజయవాడ, పటమట. గత నెలలో బెంజి సర్కిల్ దగ్గర వెనుక నుంచి ఆటో గుద్దడంతో నా ఎలక్ట్రిక్ కారు డివైడర్ అంచు ఎక్కి దిగింది. బంపరు, ఒక తలుపు దెబ్బతిన్నాయి. కారు అడుగున బ్యాటరీ పెట్టెకు అరచేయంత సొట్ట పడింది. కారు మాత్రం మామూలుగానే నడుస్తోంది. సర్వీస్ సెంటర్ వారు బ్యాటరీ మొత్తం మార్చాలంటూ 5,90,000, మిగతా పనులకు 96,000 రూపాయలు ఎస్టిమేట్ ఇచ్చారు. బ్యాటరీ పనిచేస్తోంది కాబట్టి మార్చనక్కరలేదని బీమా సర్వేయర్ అన్నారు. ఆటోనగర్‌లో తెలిసిన మెకానిక్ 15,000 రూపాయలకు సొట్ట తీసి ఇస్తానంటున్నాడు. పాలసీలో ఐడీవీ (బీమా సంస్థ కారుకు కట్టిన విలువ) 9,00,000 రూపాయలు, జీరో డిప్ (విడిభాగాల తరుగుదల కోయకుండా చెల్లించే యాడ్ ఆన్, అంటే అదనపు రక్షణ) కూడా ఉంది. నేనేం చేయాలి?

జవాబు: ముందుగా ఆటోనగర్ సంగతి చెబుతాను. రేకు పనిలో అక్కడి వారి నేర్పును శంకించే ధైర్యం నాకు లేదు. నా పాత కారు తలుపులు రెండూ అక్కడే బాగయ్యాయి. కానీ మీ కారు అడుగున ఉన్నది వట్టి రేకు కాదు. దాని వెనుక కొద్దిపాటి ఎడంలోనే లిథియం సెల్స్, వాటిని కలుపుతూ వందల వోల్టుల విద్యుత్తు ఉంటాయి. దెబ్బకు ఏదైనా సెల్ నలిగి ఉంటే లోపల షార్ట్ కావడానికి గంటలు పట్టవచ్చు, రోజులూ పట్టవచ్చు. అందువల్ల కారు నడుస్తోందన్న ఒక్క కారణంతో అది క్షేమంగా ఉందని మీరూ అనుకోకూడదు, సర్వేయరూ అనకూడదు. పరీక్షలు పూర్తయ్యే దాకా దానిని అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో పెట్టవద్దు, ఛార్జింగ్ చేయవద్దు. ఇంటికి, ఇతర వాహనాలకు దూరంగా ఆరుబయట నిలపండి. పైగా సర్వే ముగియక ముందే సొట్ట తీయిస్తే, మీ క్లెయిముకు ఆధారమైన సాక్ష్యాన్ని మీ చేతులతో మీరే చెరిపేసినట్టవుతుంది.

అలాగని సర్వీస్ సెంటర్ మాటను కూడా ఉన్నపళంగా నమ్మమని నేను చెప్పను. "మార్చాలి" అన్నది అభిప్రాయమే తప్ప కారణం కాదు. బ్యాటరీ ప్యాక్ ఇన్సులేషన్ రెసిస్టెన్స్ (కరెంటు బయటకు పొక్కకుండా ఆపే సామర్థ్యం) ఎంత వచ్చింది, సీలు లీకు పరీక్షలో నిలిచిందా, సెల్స్ వోల్టేజీల మధ్య తేడా ఎంత, బ్యాటరీని కనిపెట్టి ఉండే బ్యాటరీ మేనేజ్‌మెంట్ సిస్టంలో ఏ ఫాల్ట్ కోడ్‌లు (లోపాల సంకేతాలు) నమోదయ్యాయి, ఇంత లోతు సొట్ట పడితే తయారీ సంస్థ రిపేరు నియమాలు ఏమంటున్నాయి, పెట్టె ఒక్కటే మార్చే వీలుందా అన్న ప్రశ్నలకు సంతకం, తేదీతో జవాబు రాయించుకోండి. ఆ కాగితం మీ ప్రాణభద్రతకూ ముఖ్యమే, మీ కేసుకూ ముఖ్యమే. అడిగినా రాసివ్వకపోతే ఈమెయిల్‌లో అడిగి ఆ ప్రతిని దాచండి. సరిగా పరీక్షించకుండా "ఏమీ కాదు" అని కారు అప్పగించి, తర్వాత హాని జరిగితే, 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టంలోని 85వ సెక్షన్ కింద సర్వీసు చేసినవారు బాధ్యులవుతారు.

ఆ కాగితం జతచేసి, రెండోసారి సర్వే చేయాలని బీమా సంస్థకు లిఖితపూర్వకంగా కోరండి. ఈసారి కారును లిఫ్ట్ ఎక్కించి, సొట్ట పక్కన స్కేలు పెట్టి ఫొటోలు తీయించండి. మొదటి సర్వే నివేదిక ప్రతి కూడా అడగండి. సర్వేయర్ నివేదికే తుది మాట కాదని న్యూ ఇండియా అష్యూరెన్స్, ప్రదీప్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు 2009లోనే స్పష్టం చేసింది. అయితే దానిని కాదనడానికి అంతకంటే గట్టి ఆధారం మీ దగ్గర ఉండాలి.

ఇక మీరు గమనించని అంకె ఒకటుంది. పాలసీ షరతుల ప్రకారం రిపేరు ఖర్చు ఐడీవీలో 75 శాతం దాటితే ఆ వాహనాన్ని పూర్తి నష్టంగా లెక్కించాలి. మీ విషయంలో ఆ గీత 6,75,000 రూపాయల దగ్గర ఉంది, ఎస్టిమేట్ మొత్తం 6,86,000. అంటే చూడటానికి చిన్నదైన ఈ ప్రమాదంలో, బ్యాటరీ మార్చక తప్పదని తేలిన పక్షంలో, మీరు కోరదగింది రిపేరు కాదు, తప్పనిసరి మినహాయింపు (క్లెయిములో మీరే భరించాల్సిన కొంత సొమ్ము) పోగా ఐడీవీ మొత్తం. ఇదంతా మీ జీరో డిప్ కారు బ్యాటరీకి వర్తిస్తుందా లేదా అన్న దానిమీద ఆధారపడి ఉంది. సాధారణ పాలసీలో బ్యాటరీలకు 50 శాతం తరుగుదల కోస్తారు. ఆ కోత పడితే లెక్క గీత దాటదు, పైగా 2,95,000 రూపాయలు మీ నెత్తిన పడుతుంది. కొన్ని సంస్థలు కారు బ్యాటరీని జీరో డిప్ నుంచి తప్పించి దానికి వేరే యాడ్ ఆన్ అమ్ముతున్నాయి. కనుక ఏజెంటు ఏం చెప్పాడన్నది పక్కన పెట్టి, యాడ్ ఆన్ షరతులను అక్షరం అక్షరం చదవండి.

గుద్దిన ఆటోను మాత్రం వదలకండి. మీ బీమా నుంచి రాని భాగాన్ని ఆటో యజమాని నుంచి, దాని థర్డ్ పార్టీ బీమా సంస్థ నుంచి కోరుతూ మోటారు ప్రమాద పరిహార ట్రిబ్యునల్‌లో దరఖాస్తు వేయవచ్చు. ఆస్తి నష్టం కూడా దాని పరిధిలోనిదే. మోటారు వాహనాల చట్టం 166(3) ప్రకారం ప్రమాదం జరిగిన 6 నెలల్లోపు వేయాలి. ఆటో నంబరుతో పోలీసు ఫిర్యాదు ఇప్పటికీ ఇవ్వకపోతే రేపే ఇవ్వండి.

బీమా సంస్థ మొండికేస్తే వారి ఫిర్యాదుల అధికారికి రాయండి. తిరస్కరించినా, నెల దాకా బదులివ్వకపోయినా హైదరాబాదులోని బీమా అంబుడ్స్‌మన్‌ను (బీమా ఫిర్యాదులను విచారించి తీర్పు చెప్పే అధికారిని) ఏడాదిలోపు ఆశ్రయించవచ్చు. రుసుము లేదు, వకీలు అక్కరలేదు. ఆ తీర్పు మీకు నచ్చకపోతే మీరు ఒప్పుకోనవసరం లేదు, వారికి మాత్రం అది శిరోధార్యం. లేదా విజయవాడలోని జిల్లా వినియోగదారుల కమిషన్‌లో 2 సంవత్సరాల్లోపు ఫిర్యాదు చేయవచ్చు. బీమా కేసులో మీరు చెల్లించిన మూల్యం ప్రీమియమే కనుక, అది 5 లక్షల లోపే ఉంటుంది కనుక, అక్కడా మీకు రుసుము ఉండదు. ఒకసారి కమిషన్‌కు వెళ్లాక అదే వివాదాన్ని అంబుడ్స్‌మన్ చేపట్టరు కాబట్టి, మీ స్థితిలో నేనైతే ముందు అంబుడ్స్‌మన్ దగ్గరికే వెళతాను.