కేస్ ఇంటర్వ్యూలో చివరి నిమిషం

కంపెనీలకు సలహాలిచ్చే కన్సల్టింగ్ సంస్థల కేస్ ఇంటర్వ్యూల్లో, అంటే ఒక కంపెనీ సమస్యను ఇచ్చి పరిష్కారం చెప్పమనే ఇంటర్వ్యూల్లో, కేసు విశ్లేషణ బాగానే సాగుతున్నదనీ, చివర “సీఈవో వస్తున్నారు, ఆయనకు ఏమి చెబుతారు?” అనగానే తడబడుతున్నాననీ రాశారు. నేనూ సరిగ్గా అక్కడే బోల్తా పడ్డాను. అప్పటికి ఊళ్లో ఇల్లు తాకట్టు పెట్టి తెచ్చిన 18 లక్షల అప్పు నెత్తిమీద ఉంది, 12.5 శాతం చొప్పున నెలకు 18,750 రూపాయల వడ్డీ. ఎదుటివారు ప్రశ్న అడుగుతుంటే నాకు ఆ అంకే వినిపించేది.

2008 చలికాలంలో, షికాగోలో, నా మొదటి ఇంటర్వ్యూ జరిగింది. శీతల పానీయాల కంపెనీ ఒకటి కొత్త ప్లాంటు కట్టాలా వద్దా అన్నది కేసు. పెట్టుబడి 4 కోట్ల డాలర్లు, ఏటా మిగిలేది 80 లక్షలు, అంటే సొమ్ము తిరిగి రావడానికి అయిదేళ్లు పడుతుంది. కంపెనీ పెట్టుకున్న గడువేమో మూడేళ్లు. లెక్క తప్పలేదు. సిఫారసు చెప్పమన్నప్పుడు మాత్రం మార్కెట్ ఎంత, పోటీదారులెవరు, ఖర్చులను ఎలా విడదీశాను అంటూ మొదటినుంచి అప్పజెప్పసాగాను. జవాబు తప్పినా స్టెప్పులకు మార్కులు పడతాయని ఇంటర్మీడియట్‌లో నేర్చుకున్న బుర్ర మరి! “కట్టవద్దు” అన్న మాటకు చేరేలోపే ఆయన గడియారం చూసుకొని లేచారు.

రెండోచోట జవాబు ముందే చెప్పాను గానీ, దానికి “బహుశా”, “మీకు తెలియనిది కాదు” వంటి వినయమంతా చేర్చాను. “అమ్మకాలు పెరిగితేనో?” అని ఆవిడ అడగగానే, పెద్దవారికి ఎదురు చెప్పడమెందుకని సిఫారసునే తిప్పేశాను. మన ఇళ్లలో అది మర్యాద. అక్కడ మాత్రం, తన లెక్కమీద తనకే నమ్మకం లేదనుకుంటారు. మొదటి కేసులో అదే ప్రశ్న వచ్చి ఉంటే, “ఏటా మిగులు కోటీ 34 లక్షలకు చేరితే మూడేళ్ల గడువు కుదురుతుంది, అప్పుడు కట్టమంటాను, అంతవరకు నా మాట ఇదే” అనాలి.

ఆ కేసుకు ఇవాళైతే ఇలా ముగిస్తాను: “ప్లాంటు ఇప్పుడు కట్టవద్దు; అదనపు సరుకును ఒప్పందం మీద బయట తయారు చేయించండి. పెట్టుబడి తిరిగి రావడానికి అయిదేళ్లు పడుతుంది, మీ గడువు మూడేళ్లే. బయటివారి నాణ్యత తగ్గే ప్రమాదం ఉంది, కనుక ముందు ఒక్క రకం పానీయంతో ప్రయత్నిద్దాం. ఈ నెలలోనే ఇద్దరు తయారీదారుల ధరలు తెప్పిస్తాను.” నిమిషం కూడా పట్టదు. జవాబు ముందు, కారణాలు దాని కింద అన్న ఈ పద్ధతిని, 1963లో మెకిన్సీ అనే కన్సల్టింగ్ సంస్థలో చేరిన బార్బరా మింటో ఏనాడో నేర్పారు. రాసుకున్న కాగితాలు చూసుకోవడానికి అరనిమిషం అడగవచ్చు. ఎవరూ తప్పు పట్టరు.

మూడోసారి నాకు ఉద్యోగం వచ్చింది, అప్పు నాలుగేళ్లలో తీర్చాను. ఇప్పటి పిల్లలకు యూట్యూబ్ నిండా మాదిరి కేసులున్నాయి; అయినా డబ్బు పోసి శిక్షణ కొంటున్నారు. దయచేసి కొనకండి, గదిలో ఉన్న స్నేహితుడు చాలు. చివరి రౌండుకు పిలిచే పెద్ద సంస్థలు సాధారణంగా ప్రయాణ ఖర్చు భరిస్తాయి, ముందే అడిగి తెలుసుకోండి. సొంత కార్డు మీద టికెట్ కొన్న తెలివి నాది. ఓపీటీలో, అంటే అమెరికాలో చదువు ముగిశాక విద్యార్థి వీసా మీదే కొంతకాలం పనిచేయనిచ్చే అనుమతిలో, ఉద్యోగం లేకుండా ఉండగలిగే 90 రోజుల లెక్కలాంటివి మీ కాలేజీ అంతర్జాతీయ విద్యార్థుల కార్యాలయంలో చెబుతారు.

మీకూ బ్యాంకు అప్పు ఉందన్నారు గనుక, సాధనకు దాన్నే కేసుగా తీసుకోండి. వంటింట్లో గడియారం ఎదుట నిలబడి పైకి చెప్పండి: “తొలి ఏడాది జీతంలో మిగిలినదంతా అప్పుకే కడతాను. వడ్డీ 12 శాతం. ఇక్కడి సేవింగ్స్ ఖాతాలో అందులో సగమైనా రాదు. ఉద్యోగం పోయే ప్రమాదం ఉంది, కనుక మూడు నెలల అద్దె చేతిలో ఉంచుకుంటాను. ముందుగా తీర్చేస్తే రుసుము పడుతుందేమో సోమవారం బ్యాంకును అడుగుతాను.” నిమిషం దాటిందా, మళ్లీ మొదటినుంచి చెప్పండి.